ఒకరోజు ఉండి ఒకరోజు మాయమయ్యే హార్డ్ డిస్క్

పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక్క ముక్క కనిపిస్తుంది: ‘నో బూటబుల్ డివైస్’. గుండె ఝల్లుమంటుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు విండోస్ వచ్చేస్తుంది. హమ్మయ్య అనుకుని పనిలో పడిపోతాం. కొన్నాళ్లకు మళ్లీ అదే వరస. షాపుకు తీసుకెళ్తే, డాక్టరు ఎదుట కూర్చోగానే తగ్గిపోయే పంటి నొప్పిలా, అక్కడ శుభ్రంగా పనిచేస్తుంది. షాపు కుర్రాడు ‘ఫార్మాట్ కొట్టేద్దామా సార్’ అంటాడు. కొట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నాక వారం తిరగకుండానే కథ మొదటికొస్తుంది.

పూర్తిగా పోయిన డిస్క్‌తో తంటా లేదు, మార్చేస్తాం. ఉండీ లేనట్టుండే డిస్క్‌తోనే చిక్కంతా. అయితే ఈ రావడం, పోవడం ఊరికే జరగవు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, సీపీయూ కదిపినప్పుడా, పెద్ద ఫైల్ కాపీ అవుతున్నప్పుడా? ఏ సమయంలో మాయమవుతోందో గమనిస్తే, తప్పు ఏ భాగంలో ఉందో చాలావరకు ఆ సమయమే చెప్పేస్తుంది. కాబట్టి స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. మాయమైన ప్రతిసారీ తేదీ, వేళ, అప్పుడు ఏం చేస్తున్నారో ఒక్క వాక్యం రాసిపెట్టండి.

కనిపిస్తున్నప్పుడే కాపీ చేసుకోండి

రిపేరు సంగతి తర్వాత. డిస్క్ కనిపిస్తున్న ఆ కాసేపట్లోనే ముఖ్యమైనవన్నీ ఇంకో డిస్క్‌లోకి మార్చుకోవాలి. మళ్లీ సంపాదించలేనివి ముందు: పిల్లల ఫొటోలు, ట్యాలీ డేటా, ఆస్తి కాగితాల స్కాన్‌లు, పాఠాలు, రాసుకున్న రాతలు. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు చివరన చూసుకోవచ్చు, లేకపోయినా కొంప మునగదు.

ఇక్కడ చాలామంది చేసే రెండు పనులు ప్రమాదకరం. ఒకటి, కాపీ తీసుకోకుండానే ‘చెక్ డిస్క్’ నడపడం. బ్యాడ్ సెక్టార్లు, అంటే పాడైన చోట్లు కూడా వెతకమంటే అది డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి చదువుతుంది, దెబ్బతిన్న ఫైళ్లను తన లెక్క ప్రకారం సరిచేస్తుంది. అసలే కొన ఊపిరితో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. రెండోది, తెర మీద ‘ఈ డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయాలి’ అనో, ‘ఫార్మాట్ చేయాలి’ అనో అడగ్గానే ఓకే నొక్కేయడం. డిస్క్ సరిగ్గా జవాబివ్వనప్పుడు విండోస్ దాన్ని కొత్తదో, ఖాళీదో అనుకుని అలా అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కి బయటికి రండి.

మరో జాగ్రత్త. ఈమధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడక్కపోయినా విండోస్ డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతుంది. డిస్క్ తీసి ఇంకో కంప్యూటర్‌కు పెట్టినా, విండోస్ కంటే ముందు లేచే బయోస్‌లో కొన్ని సెట్టింగులు మార్చినా, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

డిస్క్ లోపలినుంచి ‘టక్, టక్’ అని ఒకే తీరున చప్పుడు వస్తోందంటే దాని అర్థం వేరు. చదివే హెడ్ తనకు కావాల్సిన చోటు దొరక్క వెనక్కీ ముందుకీ తిరుగుతోంది. అలాంటప్పుడు పదేపదే ఆన్ చేసి చూడకండి, ప్రతిసారీ డేటా దక్కే అవకాశం తగ్గుతుంది. అందులో ఉన్నది నిజంగా విలువైనదైతే కరెంటు తీసేసి డేటా రికవరీ వాళ్లకు అప్పగించడమే మార్గం. మూత విప్పి చూడాలన్న ఆలోచనే వద్దు. హెడ్‌కూ, డేటా ఉండే పళ్లేనికీ మధ్య దూరం నానోమీటర్లలో ఉంటుంది. మన గదిలో ఎగిరే ధూళి కణం దాని ముందు కొండంత.

ఆన్ చేసిన క్షణంలో ఏం జరుగుతుంది

పవర్ బటన్ నొక్కగానే, లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి డిస్క్‌కు కరెంటు వెళ్తుంది. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్క్‌కు రెండు రకాల కరెంటు కావాలి: మోటారుకు 12 వోల్టులు, దాని సర్క్యూట్ బోర్డుకు 5 వోల్టులు. మోటారు నిలిచి ఉన్న స్థితినుంచి నిమిషానికి 7,200 చుట్ల వేగానికి కొన్ని సెకన్లలో చేరాలి. అప్పుడు 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 యాంపియర్లు, అంటే 24 వాట్ల దాకా లాగుతుంది. తిరగడం మొదలయ్యాక అందులో మూడో వంతు చాలు. వేగం అందుకున్నాక హెడ్లు పళ్లేల మీదికి వస్తాయి. డిస్క్ తన సొంత ప్రోగ్రాంలో కొంత భాగాన్ని ఆ పళ్లేల మీద నుంచే చదువుకుంటుంది. ఆ తర్వాతే బయోస్ ‘ఎవరక్కడ?’ అని అడిగిన ప్రశ్నకు తన పేరు, కెపాసిటీ చెబుతుంది. బయోస్ కొద్ది సెకన్లే ఎదురుచూస్తుంది. అప్పటికి జవాబు రాకపోతే అక్కడ డిస్క్ లేదని రాసేసుకుంటుంది.

అంటే అనుమానించాల్సినవి నాలుగు: కరెంటు, కేబుల్, డిస్క్, అడిగే మదర్‌బోర్డు. ఫార్మాట్ ఈ నాలుగింటిలో దేన్నీ బాగుచేయదు. విండోస్ రాకముందే జరుగుతున్న తప్పుకు విండోస్‌ను మళ్లీ వేసి లాభం లేదు.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: మాయమైనప్పుడు బయోస్‌లో దాని పేరు ఉందా, లేదా? ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే చాలా కంప్యూటర్లలో బయోస్ తెరుచుకుంటుంది. అక్కడే పేరు లేకపోతే తప్పు ఆ నాలుగింటిలో ఉన్నట్టు. అక్కడ ఉండి విండోస్‌లో మాత్రం కనిపించకపోతే దారి వేరు. రెండో డిస్క్ అయితే డ్రైవ్ అక్షరం పోయి ఉండొచ్చు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడండి. లేదా విండోస్ 8 నుంచి వచ్చిన ‘ఫాస్ట్ స్టార్టప్’ కారణం కావచ్చు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ముగియదు, కొంత స్థితిని దాచిపెట్టి మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం మొత్తం కొత్తగా మొదలవుతుంది. బయోస్‌లో ఎప్పుడూ కనిపిస్తూ, షట్‌డౌన్ తర్వాత విండోస్‌లో లేకుండా పోయి, రీస్టార్ట్‌తో తిరిగొచ్చే డిస్క్ అయితే ముందు ఫాస్ట్ స్టార్టప్ తీసేసి చూడండి.

వేళను బట్టి అనుమానం

రాత్రంతా ఆఫ్‌లో ఉండి, పొద్దున మొదటిసారి ఆన్ చేసినప్పుడే బయోస్‌లో కనిపించకుండా, వెంటనే రీస్టార్ట్ చేస్తే కనిపిస్తోందా? అనుమానం మొదట కరెంటు మీదికి పోతుంది. రీస్టార్ట్‌లో డిస్క్‌కు సాధారణంగా కరెంటు ఆగదు, పళ్లెం అప్పటికే తిరుగుతూ ఉంటుంది. కాబట్టి బయోస్ అడగ్గానే జవాబిస్తుంది. చల్లగా లేచేటప్పుడు మాత్రం ఆ 24 వాట్ల భారం మోయాలి. ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తాయి, చలిలో వాటి అంతర్గత నిరోధం ఇంకా పెరుగుతుంది. ఆదిలాబాద్‌లో డిసెంబరు పొద్దున మొరాయించిన మెషిన్ మధ్యాహ్నానికి చక్కగా లేస్తే అందులో వింత లేదు. మోటారు బేరింగు అరిగిన పాత డిస్క్ కూడా ఇలాగే చేస్తుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చాలంటే డిస్క్‌ను ఇంకో మెషిన్‌లో, అదే చల్లని వేళ పెట్టి చూడాలి.

పొద్దున బాగా లేచి, గంటో గంటన్నరో నడిచాక మాయమవుతోందా? అప్పుడు వేడి సంగతి చూడాలి. సాధారణ డిస్క్‌లకు కంపెనీలు పెట్టే గరిష్ఠ పరిమితి చాలావరకు 60 డిగ్రీల సెల్సియస్. రామగుండంలో మే నెలలో ఏసీ లేని గది 40 దాటుతుంది. ముందరి ఫ్యాను దుమ్ముతో మూసుకుపోతే క్యాబినెట్ లోపల ఇంకో పదిహేను డిగ్రీలు కలవడం కష్టమేమీ కాదు. వేడికి లోహం వ్యాకోచించి, వదులుగా ఉన్న టాంకా కాసేపు విడిపోయి, చల్లారాక మళ్లీ అతుక్కోవచ్చు.

సీపీయూకు కాలు తగిలినప్పుడో, గది ఊడ్చేటప్పుడు జరిపినప్పుడో పోతుంటే అది లూజ్ కాంటాక్ట్ అని వేరే చెప్పక్కర్లేదు. స్లీప్ నుంచి లేపినప్పుడు మాత్రమే పోతుంటే పవర్ సెట్టింగులు చూడండి. వాడకపోతే కొన్ని నిమిషాలకు డిస్క్‌ను ఆపేసే సెట్టింగు ఒకటి ఉంటుంది, దాన్ని ‘నెవర్’ చేసి నాలుగు రోజులు గమనించండి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసి ఉంచిన రాత్రి తెల్లారేసరికి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. దాంతోపాటు బూట్ వరస, సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే దారి) మోడ్ వంటివీ మొదటి స్థితికి పోతాయి. డిస్క్ మాయమైన రోజునే గడియారం కూడా తప్పుతోందంటే ముందు ఆ బ్యాటరీ మార్చండి.

మూత తీశాక

ప్లగ్ పీకండి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోతుంది. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా దానిలోని పెద్ద కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

డిస్క్ వెనక రెండు కేబుళ్లు ఉంటాయి. సన్నటిది డేటా కేబుల్, దానికి 7 కాంటాక్టులు. వెడల్పుది పవర్ కేబుల్, దానికి 15. రెండింటి మూతులూ ఇంగ్లిష్ ‘ఎల్’ అక్షరం ఆకారంలో ఉంటాయి. డేటా కేబుల్ లాగి వెలుతురులో పెట్టి చూడండి. డిస్క్ వైపున్న పల్చటి ప్లాస్టిక్ నాలుక మీద బంగారు గీతలు కనిపిస్తాయి. వాటి మెరుపు పోయి మసకబారాయా? ప్లాస్టిక్‌లో సన్నటి పగులు ఉందా? కేబుల్ తల పెట్టాక వేలితో పక్కకు నెడితే ఊగుతోందా? మొదట్లో వచ్చిన సాటా కేబుళ్లకు కొక్కెం లేదు, తర్వాత వచ్చిన వాటికి ‘క్లిక్’మని పట్టుకునే లోహపు పట్టీ ఉంటుంది. కొక్కెం ఉన్నదే తీసుకోండి. సాధారణ సాటా కనెక్టరును తయారుచేసిందే 50 సార్లు పెట్టి తీయడానికి. చీటికిమాటికి పీకి పెడుతుంటే అది కూడా వదులవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో కాంటాక్టుల మీద తుప్పు పొర త్వరగా కడుతుంది.

పవర్ కనెక్టరులో గోధుమ రంగు మచ్చ గానీ, కరిగిన ప్లాస్టిక్ వాసన గానీ కనిపెడితే అక్కడితో ఆగండి. ఆ వైరు ఇక పనికిరాదు. పాత నాలుగు పిన్నుల కనెక్టరును సాటాగా మార్చే చవక అడాప్టర్లలో ఇలా కాలడం ఎక్కువగా కనిపిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే వైరు వాడండి.

కేబుల్ తీసి పెట్టగానే డిస్క్ కనిపించిందని సంబరపడొద్దు. పెట్టేటప్పుడు జరిగిన రాపిడికి కాంటాక్టు మీది పొర కాస్త రాలి, తాత్కాలికంగా పట్టు దొరికి ఉండొచ్చు. నెలకో, వానాకాలానికో మళ్లీ వస్తుంది. డేటా కేబుల్ ఖరీదు తక్కువ, కొత్తది వేసేయండి.

ల్యాప్‌టాప్‌లో అయితే 2.5 అంగుళాల డిస్క్ 5 వోల్టులతోనే నడుస్తుంది, చాలా మోడళ్లలో దాన్ని బోర్డుకు కలిపేది కాగితం లాంటి పల్చటి రిబ్బన్ కేబుల్. పదేపదే వంగి, ఒరుసుకుని అందులో వెంట్రుకంత తీగ తెగితే డిస్క్ వస్తూ పోతూ ఉంటుంది. యూఎస్‌బీ డబ్బాలో పెడితే బాగుండి, ల్యాప్‌టాప్‌లో పెడితే పోతోందంటే మొదట ఆ రిబ్బన్‌ను అనుమానించండి.

డిస్క్ రాసుకున్న డైరీ

ప్రతి డిస్క్ తన ఆరోగ్యం లెక్కలను లోపలే రాసుకుంటుంది. దీన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని చూపిస్తుంది. మన పనికి నాలుగు వరసలు చాలు. 05 అంటే పాడైపోయి, బదులు చోటుకు మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక, ఏం చేయాలో తేలక ఆగి ఉన్న సెక్టార్లు. ఈ రెండూ పెరుగుతుంటే జబ్బు డిస్క్‌లోనే ఉంది. 0ఏ అంటే మోటారు మొదటి ప్రయత్నంలో వేగం అందుకోలేక మళ్లీ ప్రయత్నించిన సార్లు. అక్కడ సున్నా కాకుండా ఇంకేదైనా ఉంటే మోటారునో, దానికి అందే కరెంటునో శంకించాలి. సీ7 మనకు బాగా ఉపయోగపడేది. డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన సమాచారం లెక్క అది, చాలాసార్లు కేబుల్‌దే తప్పు. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చిన రోజున ఎంత ఉందో రాసుకుని, ఆ తర్వాత పెరగకుండా ఉందా అని చూడాలి. ఆ ప్రోగ్రాం అంకెలను మొదట హెక్స్ పద్ధతిలో చూపిస్తుంది, అక్కడ 10 అంటే పదహారు. సెట్టింగుల్లో మామూలు అంకెలకు మార్చుకోవచ్చు.

స్మార్ట్ ‘గుడ్’ అని నీలం రంగులో చూపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. పాడైన డిస్క్‌లలో 56 శాతానికి పైగా వాటిలో, బలమైన సూచనలుగా వాళ్లు ఎంచుకున్న నాలుగు లెక్కల్లో ఒక్కటీ ముందుగా హెచ్చరించలేదు. మరోవైపు, డిస్క్ తన పళ్లేలను తానే పరీక్షించుకున్నప్పుడు దొరికే తప్పు, అంటే స్కాన్ ఎర్రర్ మొదటిసారి వచ్చిన డిస్క్ ఆ తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, అలాంటి ఎర్రర్ లేని డిస్క్‌తో పోలిస్తే 39 రెట్లు ఉందని తేలింది. అంటే స్మార్ట్ చెడు కబురు చెబితే నమ్మండి, మంచి కబురు చెబితే మాత్రం బ్యాకప్ మానకండి.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ చిట్టా కూడా చూడండి. 7వ నంబరు బ్యాడ్ బ్లాక్‌ను చెబుతుంది. 129 అంటే జవాబు రాక విండోస్ ఆ డిస్క్ దారిని రీసెట్ చేసింది. 153 అంటే ఒకసారి కుదరని పనిని మళ్లీ ప్రయత్నించింది. 157 అంటే ఎవరూ చెప్పకుండానే డిస్క్ ఊడిపోయింది. వీటి వేళలను మీ కాగితం మీది వేళలతో సరిచూసుకోండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి

మనవాళ్ల ఓపిక ఎక్కువగా ఇక్కడే చెడుతుంది. కూర్చున్న పట్టునే కేబుల్ మార్చి, పోర్టు మార్చి, బ్యాటరీ వేసి, విండోస్ మళ్లీ వేస్తారు. బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, బాగుపడకపోతే కొత్తగా ఏం చెడగొట్టామో తెలియదు. ఖర్చు తక్కువైన దానినుంచి మొదలుపెట్టి వరసగా వెళ్లండి: డేటా కేబుల్, తర్వాత మదర్‌బోర్డు మీద ఇంకో సాటా పోర్టు, తర్వాత ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఇంకో పవర్ వైరు. అప్పటికీ తేలకపోతే అటూ ఇటూ మార్చే పరీక్ష: మీ డిస్క్‌ను ఇంకో మెషిన్‌లో, బాగున్న ఇంకో డిస్క్‌ను మీ మెషిన్‌లో పెట్టాలి. తప్పు డిస్క్ వెంట వెళ్తే డిస్క్‌ది, మెషిన్‌లోనే ఉండిపోతే ఎస్‌ఎంపీఎస్‌ది గానీ బోర్డుది గానీ.

పోర్టు మార్చి చూడమనడం ఊరికే కాదు. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని ప్రకటించి సరఫరా ఆపేసింది. గడియారపు సర్క్యూట్‌లోని ఒక ట్రాన్సిస్టర్ తీరు వల్ల, సెకనుకు 3 గిగాబిట్ల వేగంతో నడిచే సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయని తేలింది. అదే బోర్డు మీద 6 గిగాబిట్ల పోర్టులు రెండింటికీ ఆ ఇబ్బంది లేదు. రిపేర్లకు, మార్పిడికి 70 కోట్ల డాలర్లు అవుతుందని ఇంటెల్ అంచనా వేసింది. అలాంటి బోర్డున్నవాళ్లు ఎన్ని డిస్క్‌లు మార్చినా ఫలితం ఉండేది కాదు, పక్క పోర్టులో పెడితే సరిపోయేది.

డిస్క్ లోపలి ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్ కూడా దోషి కావచ్చు. క్రూషియల్ ఎం4 అనే ఎస్‌ఎస్‌డీ మొత్తం 5,184 గంటలు పనిచేశాక ఉన్నట్టుండి జవాబివ్వడం మానేసేది. రీస్టార్ట్ చేస్తే వచ్చేది, మళ్లీ గంట నడిచాక పోయేది. రోజుకు పది గంటలు నడిచే కంప్యూటర్‌లో ఆ గడువు ఏడాదీ ఐదు నెలలకు వస్తుంది, అప్పటికి ఎవరైనా డిస్క్ పాతబడిందనే అనుకుంటారు. లెక్కపెట్టే ప్రోగ్రాంలో పొరపాటు అది. 2012 జనవరిలో కంపెనీ ఇచ్చిన 0309 ఫర్మ్‌వేర్‌తో సర్దుకుంది. మీ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో కంపెనీ సైట్‌లో చూడండి. వేసే ముందు మాత్రం బ్యాకప్ తప్పనిసరి.

బాగైందని ఎప్పుడనుకోవాలి

అప్పుడప్పుడూ వచ్చే తప్పు ఒకరోజు రాకపోవడం దేనికీ రుజువు కాదు. అంతకుముందు ఏ పరిస్థితిలో పోయేదో అదే పరిస్థితి మళ్లీ మళ్లీ కల్పించి చూడాలి. చల్లని పొద్దున పోయేదైతే రాత్రంతా ప్లగ్ తీసి ఉంచి పొద్దున ఆన్ చేయండి. కాపీ చేసేటప్పుడు పోయేదైతే పెద్ద ఫోల్డర్ ఒకటి అటూ ఇటూ కాపీ చేయండి. మీ కాగితం మీద ఒక్కోసారికీ మధ్య వారం ఎడం ఉంటే, కనీసం మూడు నాలుగు వారాలు గడిచేదాకా బాగైందనే మాట అనొద్దు. 05, సీ5 పెరుగుతున్న డిస్క్‌ను మాత్రం బతికించే ప్రయత్నం మానేసి కొత్తది కొనండి. పాతదాన్ని పోయినా ఫర్వాలేదనుకునే వాటికి వాడుకోండి.

చివరికి షాపుకే వెళ్లాల్సి వస్తే ‘డిస్క్ అప్పుడప్పుడూ రావట్లేదు’ అని చెప్పి వదిలేయకండి. ‘చల్లగా ఉన్నప్పుడు బయోస్‌లో కనిపించదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది, కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, సీ7 పెరగట్లేదు, ఇంకో మెషిన్‌లో బాగుంది, ఫార్మాట్ చేయొద్దు’ అని రాసిన చీటీ ఇవ్వండి. ఆ చీటీ చదివిన మెకానిక్ నేరుగా ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి వెళ్తాడు. మీ డేటా మీ దగ్గరే ఉంటుంది, అవసరం లేని కొత్త డిస్క్ ఖర్చూ తప్పుతుంది.